ఎర్ర గొంగళి పురుగు: చేలోనే పుట్టిందా, పక్క బీడు నుంచి వచ్చిందా?

మీ ప్రశ్న ఇది: ఎండాకాలమంతా ఒక్క పురుగూ కనబడలేదు, తొలకరికి వేసిన వేరుశనగ మొలిచిన కొద్ది రోజులకే చేనంతా ఎర్ర గొంగళి పురుగులు కమ్మాయి, ఇవి ఎక్కడి నుంచి వలస వచ్చాయి?

చాలావరకు ఎక్కడి నుంచీ రాలేదు. పోయిన ఖరీఫ్‌లో ఆకు తిని బలిసిన పురుగులే మీ గట్ల వెంట, చెట్ల నీడన మట్టిలోకి దిగి కోశాలు (గూళ్లు) కట్టుకున్నాయి. సుమారు పది నెలలు అక్కడే నిద్రావస్థలో ఉన్నాయి. కోశం సాధారణంగా 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. పైమట్టి పెనంలా కాలుతున్నా ఆ లోతులో వేడి అంతగా మారదు. లోపలి పురుగు తినదు, కదలదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి తిండి, ఆ కొవ్వు కరిగినప్పుడు కాస్త నీరు కూడా పుడుతుంది. శ్వాసరంధ్రాలను ఎక్కువసేపు మూసే ఉంచుతుంది కాబట్టి తేమ అంతగా బయటికి పోదు. మంచి వాన పడి ఆ లోతుదాకా పదునైతేనే రెక్కల పురుగై పైకి వస్తుంది.

అదే వాన నీటి గుంటల్లో పెరిగే పసుపు తూనీగైతే ఎండాకాలాన్ని నిద్రతో కాదు, వలసతో దాటుతుంది. గుంటలు ఎండకముందే రెక్కలు తొడిగి, గాలివాటున మాల్దీవుల మీదుగా తూర్పు ఆఫ్రికాదాకా పోతుందని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో వివరించారు. గొంగళి పురుగు పాకుతూ చేసే వలస మాత్రం ఒక చేను తినేసి గట్టు దాటి పక్క చేలో పడేంత వరకే.

నిద్ర లేచే వేళ వానతో తెలిసిపోతుంది కాబట్టి మందుకంటే ముందు చేయగలిగింది చాలా ఉంది.

వేసవి దుక్కి నాగలితో లోతుగా పడాలి. గుంటక పైపైన గీకుతుంది, కోశం దాకా పోదు. పగటిపూట దున్నితే కాకులు, కొంగలు, గోరింకలు వెనకే వచ్చి ఏరుకుంటాయి. ఎక్కువమంది వదిలేసేది గట్లు, వేపచెట్ల మొదళ్లు. ట్రాక్టరు అక్కడ తిరగదు, కోశాలు మాత్రం అక్కడే ఎక్కువ. పారతో అడుగు లోతు తిరగేయాలి. పెద్ద వాన పడ్డాక దున్నితే దొరికేవి చాలావరకు ఖాళీ డొల్లలే.

వాన పడిన రోజు నుంచి మూడు నాలుగు రాత్రులు, చీకటి పడగానే రాత్రి 11 దాకా దీపపు ఎరలు పెట్టాలి. బల్బు కింద తొట్టిలో నీళ్లు, పైన కొద్దిగా కిరోసిన్. ఒట్టి నీళ్లయితే పడిన పురుగు తేలి, తడి ఆరాక ఎగిరిపోతుంది. కరెంటు లేకపోతే మంటలు వేయాలి, గడ్డివాములకు దూరంగా. ఊరంతా ఒకే రాత్రి చేస్తేనే ఫలితం. ఒక్కరే పెడితే చుట్టుపక్కల బీళ్లలో లేచినవి గుడ్లు పెట్టడానికి మళ్లీ మీ చేలోకే వస్తాయి.

ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు కుప్పలుగా ఆకు అడుగున పెడుతుంది. అవి మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగులు మొదట గుంపుగా ఉండి పచ్చదనాన్ని గీకేస్తాయి, ఆకు కాగితంలా తెల్లబడుతుంది. అలాంటి ఆకులు తుంచి కిరోసిన్ నీళ్లలో వేయండి. మందు కొట్టాలంటే ఈ దశలోనే: క్వినాల్‌ఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. ఒళ్లంతా వెంట్రుకలొచ్చి పెరిగిన పురుగుకు మందు సరిగా అంటదు, ఎంత కొట్టినా డబ్బు దండగ.

మీ చేలో ఇప్పుడున్నవి ఆ పెద్ద పురుగులే అయితే, పక్క చేను వైపు అడుగు లోతు, ముప్పావు అడుగు వెడల్పు కందకం తీయండి. రెండు వైపులా గోడలు నిట్టనిలువుగా ఉండాలి, వాలుగా ఉంటే ఎక్కేస్తాయి. వాన పడి గోడ జారితే మళ్లీ సరిచేయాలి. జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు అక్కడక్కడా వేస్తే పగలు వాటి కింద చేరతాయి, ఏరడం సులువు. కందకంలో పడినవాటిని మాత్రం మట్టి కప్పి వదిలేయకండి. బలిసిన పురుగుకు కావలసింది మట్టే, అక్కడే కోశం కట్టుకుంటుంది. ఏ రోజువి ఆ రోజు ఏరి కిరోసిన్ నీళ్లలో వేయాలి. తప్పించుకున్నవి పంట వదిలి ఏ గట్టుకు, ఏ చెట్టు కిందికి పోతున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి, వచ్చే వేసవిలో పార ముందు పడాల్సింది అక్కడే.