గాజులు కుదువపెట్టి ఏడాది వెచ్చాలు కొనొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. మా వారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 46,000 వస్తుంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. వెచ్చాలకే నెలకు 16,000 అవుతోంది. నెల మొదట్లో సూపర్‌మార్కెట్‌లో 9,000 పెట్టి సరుకులు తెస్తాం. ఆ తర్వాత యాప్‌లోనూ, పక్క అంగట్లోనూ కొనేవి ఇంకో 7,000. బియ్యం 10 కిలోల సంచుల్లో, కిలో 66 చొప్పున నెలకు దాదాపు 40 కిలోలు పడతాయి. మా అత్తగారిది కనిగిరి వైపు. నా గాజులు బ్యాంకులో పెట్టయినా సరే బియ్యం, కందిపప్పు, మిరపకాయలు, చింతపండు ఏడాదికి సరిపడా కోతల్లోనే కొనమంటున్నారు. మా వారేమో ఆఫర్లు చూసి కొంటే చాలంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కొనే పద్ధతి వరకు మీ అత్తగారి మాటే సరైంది. డబ్బు తెచ్చే పద్ధతి మాత్రం మార్చుకోవాలి.

ముందు బియ్యం లెక్క చూద్దాం. మీ ఇంట్లో పెద్ద ఖర్చూ అదే, ఎక్కువ మిగిలేదీ దాంట్లోనే. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ కిందికి వస్తాయి. 2022 జులై 18 నుంచి ఈ పన్ను ఉంది. 25 కిలోలు దాటితే లేదు. మిల్లుల్లో, టోకు అంగళ్లలో 26 కిలోల బస్తాలు కనిపించేది ఇందుకే. 10 కిలోల సంచి కొన్న ప్రతిసారీ ఈ పన్ను, సంచి ఖర్చు, సూపర్‌మార్కెట్ లాభం మూడూ మీరే కడుతున్నారు.

మన జిల్లాలో సోమశిల నీళ్లతో పండే ప్రధాన పంట ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు వస్తుంది. ఆ రోజుల్లో మిల్లు దగ్గర కొత్త సన్నబియ్యం మీకు కిలో 54కి దొరికాయనుకుందాం. ఇది లెక్క కోసం నేను వేసుకున్న ధర, మీరు రెండు మూడు మిల్లుల్లో అడిగి అసలు ధర వేసుకోండి. నెలకు బస్తాన్నర చొప్పున ఆరు నెలలకు 9 బస్తాలు, అంటే 234 కిలోలు. అయ్యేది 12,636 రూపాయలు. ఇవే బియ్యం 66 చొప్పున కొంటే 15,444. తేడా 2,808. అదే 12,636 రూపాయలు ఆరు నెలలు బ్యాంకులో 7 శాతానికి డిపాజిట్ చేసినా వచ్చే వడ్డీ 442 రూపాయలు. కోతల్లో కొన్న బస్తా మీకిచ్చే లాభం ఇంకే పొదుపు పథకంలోనూ ఇంత తొందరగా రాదు. పైగా కొత్త బియ్యం మీ ఇంట్లోనే పాతవవుతాయి. పాత బియ్యానికి ఒదుగు ఎక్కువని మీ అత్తగారికి వేరే చెప్పక్కర్లేదు.

ఇక గాజుల సంగతి. కాగితం మీద చూస్తే అదీ లాభంగానే కనిపిస్తుంది. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా ఆరు నెలలకు 632 రూపాయలు పోతుంది, ఆ 2,808లో ఇంకా 2,176 మిగులుతుంది. అయినా నేను వద్దనే అంటాను. బియ్యం నెల నెలా అయిపోతుంటాయి, అసలు మాత్రం బ్యాంకులో అలాగే కూర్చుంటుంది. ప్రతి నెలా బియ్యానికి ఖర్చు కాని 2,600 రూపాయలు తీసి అప్పుకు కట్టే ఇల్లు నేను చూసింది చాలా తక్కువ. జూన్‌లో బడి ఫీజులు వస్తాయి, దసరా వస్తుంది, గడువు నాటికి వడ్డీ కట్టి అప్పు తిరగరాస్తారు. నా దగ్గరికి వచ్చిన ఇళ్లలో ఇలా తిరగరాసి తిరగరాసి చివరికి నగ వదులుకున్న వాళ్లున్నారు. తినేసిన బియ్యానికి గాజులు పోవడం నాకు ఇష్టం లేదు. క్రెడిట్ కార్డు మీద కొనే ఆలోచన ఉంటే అది ఇంకా చేటు. ఒక నెల బాకీ మిగిలితే నూటికి నెలకు మూడు రూపాయలకు పైగా వడ్డీ పడుతుంది.

మరి డబ్బెక్కడిది? మీరు రాసిన ఆ రెండో 7,000లోనే ఉంది. ఈ ఆదివారం ఫోన్‌లో మూడు నెలల చెల్లింపులు తీసి, వెచ్చాలవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఒక్కోదాని పక్కన అది అయిపోయి కొన్నారా, చీటీలో మరిచిపోయి కొన్నారా, తినాలనిపించి కొన్నారా అని రాసుకోండి. మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. కొత్తిమీర, పెరుగు కోసం యాప్ తెరిచి, డెలివరీ ఉచితం కావాలని ఇంకో నూట యాభై రూపాయల చిరుతిండి కలిపిన ఆర్డర్లు అందులో తప్పకుండా ఉంటాయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని తెచ్చి, సగం పారేసినవీ ఉంటాయి. ఆఫర్ తప్పని నేననను. చీటీలో ముందే ఉన్న వస్తువుకు ఆఫర్ ఉంటేనే అది మీకు లాభం.

ఈ 7,000లో నెలకు 1,500 తగ్గించడం మీకు సాధ్యమేనని నా నమ్మకం. తగ్గిందని సంతోషపడి ఖాతాలో వదిలేస్తే అది ఇంకో దారిలో పోతుంది. జీతం పడిన మర్నాడే 1,500 వెళ్లిపోయేలా బ్యాంకులో 10 నెలల రికరింగ్ డిపాజిట్ పెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి పనికిరాదు, దాని గడువు ఐదేళ్లు. ఏప్రిల్‌లో మొదలుపెడితే వచ్చే ఫిబ్రవరికి అసలే 15,000 చేతికొస్తుంది, సరిగ్గా కోతల వేళకు. దీన్ని బస్తాల డబ్బు అనుకోండి, ఇంకే అవసరం వచ్చినా ముట్టుకోకండి.

ఈ ఏడాదికి మాత్రం చిన్నగా మొదలుపెట్టండి. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది, కొన్న వెంటనే వాడలేరు. అంటే రెండు మూడు నెలలు తినే బియ్యం వేరే, దాచే బియ్యం వేరే కొనాలి. ఒకేసారి 9 బస్తాలంటే మీ జీతానికి బరువు. మార్చి, ఏప్రిల్ జీతాల్లో రెండేసి బస్తాలు తీసుకుంటే చాలు. స్టోన్‌హౌస్‌పేటలో టోకు ధర అడిగి, మిల్లు ధరతో పోల్చుకోండి. ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి ఒకే ఆటోలో తెచ్చుకుంటే బాడుగ కూడా కలిసొస్తుంది.

కందిపప్పు విషయంలో మీకు వేరేవాళ్లకు లేని వీలుంది. కనిగిరి వైపు కందులు జనవరి, ఫిబ్రవరిలో ఇంటికొస్తాయి. మీ అత్తగారి వాళ్ల దగ్గర కందులే తీసుకుని ఆడించవచ్చు. అయితే కందుల ధరను పప్పు ధరతో నేరుగా పోల్చకండి. నూరు కిలోల కందులు ఆడిస్తే పప్పు సుమారు 70 కిలోలే వస్తుంది. కందులు కిలో 80 అయితే పప్పు 114 పడినట్టు, దానికి మర కూలీ, బాడుగ కలపాలి. అప్పటికీ అంగడి ధర కంటే తక్కువైతేనే తెచ్చుకోండి. మిరపకాయలు, చింతపండు కూడా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపే కొనాల్సినవి. కారం మాత్రం ఒకేసారి పట్టించకండి, కాయలుగా ఉంచుకుని మూడు నెలలకోసారి ఆడించుకోండి.

నూనె, రవ్వ, పిండ్లు, వేరుశనగ గుళ్లు ఏ నెలవి ఆ నెలే. నూనె ప్యాకెట్ కొనేటప్పుడు ధరకంటే ముందు బరువు చూడండి. లీటరు నూనె అంటే దాదాపు 910 గ్రాములు. పక్కనే పది రూపాయలు తక్కువకు దొరికే ప్యాకెట్ మీద 800 గ్రాములని ఉంటే అది చవక కాదు. కూరగాయలకు వారానికి రెండుసార్లు రైతుబజారుకు పోతే సరిపోతుంది.

ఆదివారం చేపల పులుసు మానేయమని నేను చెప్పను. పిల్లలూ పెద్దావిడా ఉన్న ఇంట్లో ఆ ఖర్చు ఉండాల్సిందే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట ఆగుతుంది కాబట్టి ఆ రెండు నెలలు సముద్రం చేపలు వదిలేసి చెరువు చేపలు తెచ్చుకోండి.

చివరగా, దాచడం. మన సముద్రపు గాలికి చెమ్మ ఎక్కువ. బస్తాలను నేల మీద పెట్టకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. పప్పును బాగా ఎండబెట్టి, చల్లారాకే స్టీలు డబ్బాల్లో పోయండి. బియ్యంలో ఎండిన వేపాకు వేయండి. నవంబరు వానలు పట్టకముందే ఒకసారి అన్నీ విప్పి చూసుకోండి, పురుగు కనిపించిన బస్తానే ముందు వాడేయండి.