వీపు సూర్యుడికి, చూపు గోడకి

2027 ఆగస్టు 2, సోమవారం, ఆషాఢ అమావాస్య. ఆ సాయంత్రం పట్టే సూర్యగ్రహణం గురించి మన వరంగల్ వైపు నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాలకు పైగా పూర్తిగా చీకటి పడుతుంది కానీ, మన దగ్గర మాత్రం సూర్యుడిని ఓ పక్క కాస్త కొరికినట్టు ఉంటుంది, అంతే. తయారీ దానికి తగ్గట్టు ఉండాలి.

ప్ర: మాది పరకాల దగ్గర సర్కారు బడి, 60 మంది పిల్లలు. అందరికీ గ్రహణం కళ్లద్దాలు కొనలేం. చెప్పుల డబ్బాకి రంధ్రం పెట్టి చూపిస్తే సరిపోతుందా?

జ: చెప్పుల డబ్బా వద్దు మేడం. సన్న రంధ్రం గుండా వచ్చే సూర్యుడి బొమ్మ, మీటరు దూరానికి దాదాపు 9 మిల్లీమీటర్లు ఉంటుంది. డబ్బా పొడవు అడుగు కాబట్టి బొమ్మ 3 మిల్లీమీటర్లే వస్తుంది, అందులో ఇంత చిన్న కొరుకు పిల్లలకు ఏం కనిపిస్తుంది చెప్పండి? 2020 జూన్ 21న మా వాకిట్లో వేపచెట్టు ఆకుల సందులే రంధ్రాల్లా పనిచేసి, నీడ నిండా నెలవంకలు పరుచుకున్నాయి, ఆ రోజు గ్రహణం పెద్దది. ఈసారి చెట్టు నీడను నమ్ముకోకండి.

ఓ చేతి అద్దం తీసుకోండి. నల్ల కాగితంతో మొత్తం కప్పేసి, మధ్యలో పెన్సిల్ దూరేంత రంధ్రం ఉంచండి. అద్దాన్ని ఎండలో కదలకుండా పెట్టి, ఆ వెలుగును తలుపులోంచి చీకటిగా ఉన్న గది గోడ మీదికి పంపండి. అద్దానికీ గోడకీ 10 మీటర్ల దూరం ఉంటే 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు. 60 మందీ ఒకేసారి చూడొచ్చు, పెన్సిల్‌తో గోడ మీది కాగితంపై అంచు గీసుకుంటూ కొరుకు ఎంత పెరిగిందో కొలవొచ్చు కూడా. కళ్లద్దాల కంటే ఇదే మేలని నా నమ్మకం, ఎందుకంటే పిల్లలు సూర్యుడికి వీపు తిప్పి కూర్చుంటారు. అద్దంలోకి మాత్రం ఎవరూ తొంగి చూడకుండా ఒక టీచర్ అక్కడే నిలబడాలి. ముందు ఓ వారం పాటు సాయంత్రాలు అలవాటు చేసుకోండి, సూర్యుడు జరిగిన కొద్దీ అద్దాన్ని తిప్పడం ఒక్క రోజులో రాదు.

ప్ర: 1995లో మేం ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టుకొనే చూశాం, ఏం కాలేదు. ఇప్పుడెందుకు ఇంత టెన్షన్?

జ: మీకు ఏం కాలేదు, సంతోషం. కానీ అన్నా, కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నప్పుడు మంట ఉండదు, చూపులో మచ్చ కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురును తగ్గిస్తుంది గానీ కంటికి కనబడని వేడి కిరణాలను సరిగ్గా ఆపదు. మసి పట్టిన గాజు, మామూలు చలవ కళ్లద్దాలు, పసుపు నీళ్లలో నీడ, ఏవీ వద్దు. వెల్డింగ్ గాజైతే 14 నంబరు ఉండాలి, షాపుల్లో మామూలుగా దొరికే 10, 11 పనికిరావు. కళ్లద్దాలు కొంటే వాటి భద్రతా ప్రమాణం గుర్తు ఐఎస్ఓ 12312-2 అని రాసి ఉందో లేదో చూడండి, గీత పడినా చిరిగినా పారేయండి. తల దించి పెట్టుకోవాలి, తల దించాకే తీయాలి.

ప్ర: గ్రహణం పట్టినప్పుడే రోకలి నిలబడుతుందంటారు, నిజమేనా?

జ: అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. రేపు పొద్దున ఇంట్లో నిలబెట్టి చూడండి.

ప్ర: ఆగస్టులో మబ్బు పడితే ఇదంతా దండగే కదా?

జ: పడొచ్చు. అయినా సిద్ధంగా ఉండాలి. 1868 ఆగస్టు 18 గ్రహణం కోసం జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సు నుంచి మన గుంటూరుకు వచ్చాడు, ఆయనకూ వానాకాలమే దక్కింది. అయినా సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగును విడదీసి చూశాడు, హీలియం అనే కొత్త మూలకం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. మీరు పడమర అడ్డం లేని చోటు చూసుకోండి, హన్మకొండ వాళ్లకు పద్మాక్షి గుట్ట ఉంది. పలుచని మబ్బు చాటున ఉన్నా సూర్యుడిని వట్టి కళ్లతో చూడకండి.

ప్ర: అప్పటికి నాకు ఏడో నెల ఉంటుందని అనుకుంటే... మా అత్తమ్మ ఇప్పటి నుంచే చెబుతోంది, బయటికి రావద్దు, నీళ్లు కూడా ముట్టొద్దు, బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందని. ఏం చేయాలి? (జనగామ)

జ: అమ్మా, బిడ్డ పెదవి అతుక్కునేది కడుపులో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే. ఏడో నెలలో ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. గ్రహణం వేళ సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు, చంద్రుడు అడ్డొచ్చి వెలుతురు తగ్గుతుంది, అంతే. నాకు భయమేసేది ఆ నీళ్ల మాటకే, నిండు గర్భిణి గంటల తరబడి ఎండిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. అన్నం తినండి, నీళ్లు తాగండి, మందులు మానకండి. ఇవే మాటలు మీ డాక్టరమ్మతో అత్తమ్మ ఎదురుగా చెప్పించండి, పెద్దావిడ భయం మీ మీది ప్రేమతో వచ్చిందే, గొడవ పెట్టుకోవద్దు. బయటికి వెళ్లడం ఆమెకు ఇష్టం లేకపోతే, పైన చెప్పిన అద్దాన్ని వాకిట్లో పెట్టించండి. సూర్యుడు మీ గదిలో గోడ మీదికి వస్తాడు. అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఇద్దరూ చూడండి.