ఇంట్లో కట్టే కారుకు టన్నెల్ కవర్ ప్లేటు: రంధ్రాలు ఎందుకు తప్పుతున్నాయి?

మీరు అడిగింది: 25 మి.మీ. చదరపు స్టీలు ట్యూబుతో కట్టిన ఛాసిస్, మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తినిచ్చే తిరిగే కడ్డీ) వెళ్లే టన్నెల్, దాని మీద విప్పి పెట్టుకునే అల్యూమినియం ప్లేటు. రెండుసార్లు చేయించినా బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా రావడం లేదు.

రేకు చదునుగా ఉండగానే రంధ్రాలు వేసేస్తే ఇలాగే అవుతుంది. వంచినచోట రేకు సాగుతుంది. ఆ సాగుడు ఎంతన్నది రేకు మందం మీద, వంపు గుండ్రం (వ్యాసార్థం) మీద ఆధారపడుతుంది. 1.5 మి.మీ. రేకును లోపలి గుండ్రం 1.5 మి.మీ. వచ్చేలా వంచితే బయటి కొలతల మొత్తంలోంచి ఒక్కో వంపుకు సుమారు 2.65 మి.మీ. తీసెయ్యాలి. టన్నెల్ వెడల్పు 200 అనుకోండి. ప్లేటు లోపలి వెడల్పు 201 ఉండాలి, అంటే బయట 204. పక్క రెక్కలు చెరో 25. మొత్తం 254లో 5.3 పోగా కత్తిరించాల్సింది 248.7. ఈ అంకెను గుడ్డిగా నమ్మకండి. అదే రేకులోంచి 100 మి.మీ. ముక్క తీసి, అదే మెషీన్ మీద 90 డిగ్రీలకు వంచి, రెండు కాళ్లూ బయటివైపు కొలిచి కలపండి. 100 కంటే ఎంత ఎక్కువొస్తే అంత మీ తగ్గింపు.

రేకు 5052 హెచ్32 అనే అల్యూమినియం రకం తీసుకోండి. 6061 టీ6 గట్టిదే, కానీ ఇంత చిన్న గుండ్రానికి వంపు దగ్గర పగులుతుంది. వంపు గీతను మార్కర్‌తోనే గీయండి. స్క్రైబర్ (లోహం మీద గీసే సూదిమొన పనిముట్టు) గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది. మూల కోతలు కలిసేచోట ముందే 4 మి.మీ. రంధ్రం వేస్తే రేకు చిరగదు.

ఇక బోల్టులు. ముందు ఛాసిస్‌లో ఎం5 (5 మి.మీ. బోల్టు పట్టే) రివ్‌నట్లు, అంటే రివెట్‌లా రంధ్రంలో నొక్కి బిగించే మరనట్లు, బిగించండి, రంధ్రం 7 మి.మీ., 100 మి.మీ.కొకటి. డ్రిల్ ఊగి రంధ్రం కాస్త పెద్దదైనా రివ్‌నట్ తర్వాత తిరిగిపోతుంది, బోల్టు ఊడి రాదు. రివ్‌నట్ అంచు ట్యూబు మీద కొద్దిగా లేచి ఉంటుంది కాబట్టి మధ్యలో 1.5 మి.మీ. రబ్బరు టేపు అతికించండి. స్టీలుకూ అల్యూమినియానికీ మధ్య తడి చేరి తినెయ్యకుండా కూడా అదే కాపాడుతుంది.

తర్వాత ఒక్కో రివ్‌నట్‌లో మొన ఉన్న ఎం5 గ్రబ్ స్క్రూ (తల లేని మర) బిగించి, మొన టేపు పైకి 1 మి.మీ. తేలేలా ఉంచండి. వంచిన ప్లేటును పెట్టి రబ్బరు సుత్తితో తట్టండి. అడుగున గుర్తులు పడతాయి. అక్కడ ముందు 3, తర్వాత 6 మి.మీ. డ్రిల్. ఎం5 బోల్టుకు మామూలుగా వేసే 5.5 కాకుండా 6 ఎందుకంటే, వేడెక్కితే అల్యూమినియం స్టీలు కంటే రెట్టింపు దాకా వ్యాకోచిస్తుంది.

గేర్ లివర్ రంధ్రాన్ని న్యూట్రల్‌లో కొలవకండి. అన్ని గేర్లలోనూ పెట్టి చూసి, ఇంజిన్ ఊగే దానికి చుట్టూ 10 మి.మీ. కలపండి. యాక్సిల్‌ను జాకీతో పూర్తిగా పైకెత్తి, షాఫ్ట్‌కూ ప్లేటుకూ మధ్య 15 మి.మీ. అయినా ఉందో లేదో చూడండి. షాఫ్ట్ విరిగితే ఈ ప్లేటు ఆపలేదు. దాన్ని ఆపడానికి షాఫ్ట్ ముందువైపు జాయింట్ దగ్గర ఛాసిస్‌కు మందపాటి స్టీలు పట్టీ విడిగా వెయ్యాల్సిందే, దయచేసి అది మానకండి.

పెద్ద చదును ప్లేటు నడుస్తుంటే డప్పులా మోగుతుంది. అడుగున బ్యూటైల్ షీటు (మోత తగ్గించే జిగురు రబ్బరు షీటు) సగం వైశాల్యానికి అతికిస్తే చాలు, అంతా కప్పనక్కర్లేదు.