టర్కిష్‌కు తెలుగు దారి

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో డిగ్రీ చదువుతోంది. ఈ వేసవిలో ఎనిమిది వారాలు అంకారాలో ఒక కుటుంబంతో ఉంటూ టర్కిష్ నేర్చుకునే కార్యక్రమానికి ఎంపికైంది. ఇంగ్లీషులో రాసిన వ్యాకరణ పుస్తకం తెరిచి, ఒక్కో మాటకు ఇన్నేసి ప్రత్యయాలేమిటని బెంబేలెత్తుతోంది. ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడుతుంది. మాంసం ముట్టదు. ఎలా సిద్ధం చేయమంటారు?
ఒక తల్లి, డాలస్

జవాబు: ముందు ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టించండి. ఇంగ్లీషు వైపు నుంచి చూస్తే టర్కిష్ తలకిందులుగా కనబడుతుంది గానీ, తెలుగు మాట్లాడే పిల్లకు దాని నడక ఇంట్లో విన్నదే. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి నామం వెనుక చేరుతుంది. 'ఎవ్' అంటే ఇల్లు, 'ఎవ్‌లెర్' అంటే ఇళ్లు, 'ఎవ్‌లెర్‌దె' అంటే ఇళ్లలో. పుస్తకాలు పేజీల కొద్దీ వివరించే స్వరసమత, అంటే మాటలోని అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారడం, కూడా మనకు కొత్త కాదు. ఇంట్లో అనడానికి 'ఎవ్‌దె' అనేవారు బడిలో అనడానికి 'ఒకుల్‌దా' అంటారు. మనం 'పులికి' అని, 'పాపకు' అని ఆలోచించకుండానే అంటున్నట్టే.

చాలా ఏళ్ల కిందట నేనూ ఒక వేసవి అంకారాలో చదువుకున్నాను. తరగతి మొత్తాన్ని ఏడిపించిన పాఠం 'గెల్ది', 'గెల్మిష్' అనే రెండు మాటలది. వచ్చిన సంగతి మనకు నేరుగా తెలిస్తే మొదటిది, ఎవరో చెప్పగా వింటేనో ఆనవాళ్లను బట్టి గ్రహిస్తేనో రెండోది వాడాలి. పక్కనున్న అమెరికన్ విద్యార్థులు పట్టికలు గీసుకుంటుంటే, నేను 'వచ్చాడు', 'వచ్చాడట' అని నోట్‌బుక్ అంచున రాసుకున్నాను. ఆ రోజు నుంచి ఇంగ్లీషులో అనువదించుకోవడం మానేశాను. మీ అమ్మాయికి నేను గట్టిగా చెప్పదలచినది ఇదే. 'పుస్తకం గిస్తకం' లాంటి 'కితాప్ మితాప్' కూడా అక్కడ దొరుకుతుంది.

కష్టం లేదని కాదు. పెదవులు గుండ్రంగా చుట్టి 'ఈ' అనాల్సిన అచ్చు ఒకటుంది; అది అద్దం ముందు సాధన చేయాల్సిందే. 1928లో వచ్చిన లాటిన్ లిపిలో 29 అక్షరాలే, దాదాపుగా రాసినట్టే చదువుతారు కనుక చదవడం త్వరగా వస్తుంది. ఉర్దూ ద్వారా మనకు తెలిసిన మాటలతో మాత్రం జాగ్రత్త. 'పజార్' అంటే సంతే కాదు, ఆదివారం కూడా. 'మిసాఫిర్' అంటే బాటసారి కాదు, అతిథి.

ఇంటి మర్యాదలలోనూ తెలుగే దారి చూపుతుంది. మనకు మేనత్త, పిన్ని వేరైనట్టే వారికి 'హాలా', 'తెయ్‌జె' వేరు. పరాయి పెద్దావిడనైనా 'తెయ్‌జె' అని పిలవవచ్చు, వయసులో కాస్త పెద్దదైన అమ్మాయిని 'అబ్లా' అంటే అక్కా అన్నట్టే. పెద్దవారిని 'సిజ్' అని, అంటే మీరు అని మన్నించాలి. గడప దగ్గరే చెప్పులు విడిచి, వారిచ్చే ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. భోజనం కాగానే వండినావిడతో 'ఎలినిజె సాలిక్' అనాలి. మీ చేతికి ఆరోగ్యం కలగాలని దాని అర్థం. నేనున్న ఇంట్లో ఆ మాట మొదటిసారి అన్నప్పుడు, ఆ పెద్దావిడ తడి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నా గ్లాసులో మళ్లీ టీ పోసింది. ఇక చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టాలని అప్పటికి నాకు తెలియదు. ఐదు గ్లాసులు తాగాను.

తిండి గురించి బెంగ వద్దు. ఎర్ర పప్పుతో చేసే సూప్, ఆలివ్ నూనెలో వండి చల్లగా వడ్డించే కూరగాయలు, తెల్ల చీజ్, రొట్టె సమృద్ధిగా దొరుకుతాయి. అయితే సూపును మాంసం ఉడికించిన నీటితో కాచి ఉండవచ్చు కనుక అడగాలి. 'ఎత్ యెమియోరుమ్' అంటే మాంసం తిననని అర్థం. 'ఎత్' అనగానే కొందరికి కోడి గుర్తుకు రాదు. అందువల్ల 'తవుక్' కూడా తిననని మొదటి రోజే చెప్పమనండి.