2004 అంటే ఏ 2004?

ప్రశ్న: మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2004 ఫోర్డ్ ఎఫ్-150 పికప్. రెండు రిమ్ములు వంగిపోయాయి, ఆల్టర్నేటర్ కూడా సరిగ్గా ఛార్జ్ చేయడం లేదు. ఒక యార్డులో 2006 ఎఫ్-150 విప్పుతున్నారు. "2004 నుంచి 2008 దాకా అంతా ఒకటే మోడల్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అంటున్నాడు అమ్మేవాడు. నమ్మవచ్చా?

జవాబు: ముందు బయటికి వెళ్లి మీ బండి చక్రానికి ఎన్ని నట్లున్నాయో లెక్కపెట్టి రండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

ఆరు ఉంటే అతను చెప్పింది చాలావరకు నిజమే. ఐదే ఉంటే ఆ రిమ్ములు మీ బండికి ఎక్కవు. ఎందుకంటే 2004లో ఫోర్డ్ రెండు రకాల ఎఫ్-150లు అమ్మింది. ఒకటి కొత్తగా డిజైన్ చేసింది. రెండోది 1997లో మొదలైన పాత తరం బండే, 'హెరిటేజ్' అని పేరు తగిలించారు. రెండింటి కాగితాల మీదా 2004 అనే ఉంటుంది. ఛాసిస్ నంబరులో పదో స్థానం మోడల్ సంవత్సరం చెబుతుందని చాలామందికి తెలుసు కానీ, ఇక్కడ అదీ అక్కరకు రాదు. రెండింటికీ అక్కడ '4' అనే ఉంటుంది. మీది 5.4 లీటర్ ఇంజనైతే ఎనిమిదో స్థానం చూడండి. 'ఎల్' ఉంటే పాత తరం, '5' ఉంటే కొత్తది. పాత ఇంజన్‌లో సిలిండర్‌కు రెండు వాల్వులు, కొత్తదాంట్లో మూడు. పాతదానికి యాక్సిలరేటర్ కేబుల్ ఉంటుంది, కొత్తదానికి అంతా కరెంటు మీదే. పార్ట్స్ కౌంటర్లో నిలబడ్డ కాలంలో నేను "ఏ ఇయర్ బండి?" అని అడగడం మానేసి "ఫోటో తెచ్చారా?" అని అడిగేవాణ్ని. దీనికే.

ఇక రిమ్ము. ఆరు నట్లున్నంత మాత్రాన సరిపోయిందనుకోవద్దు. ఎదురెదురు రెండు స్టడ్‌ల (నట్లు ఎక్కే బోల్టుల) మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి కొలవాలి. కొత్త తరం ఎఫ్-150కి అది 135 మిల్లీమీటర్లు. షెవర్లే సిల్వరాడో 1500కీ ఆరు నట్లే, కానీ దూరం 139.7. పక్కపక్కన పెడితే తేడా కంటికి ఆనదు. రిమ్ము కాస్త ఎక్కినట్టే అనిపిస్తుంది, బలవంతంగా బిగిస్తే స్టడ్‌లు పాడవుతాయి. ఐదు నట్ల బండికి ఎదురు స్టడ్ ఉండదు కాబట్టి పక్కపక్క రెండింటి మధ్య దూరం కొలిచి 1.701తో గుణించండి. మీది హెరిటేజ్ అయితే పక్కపక్క దూరం సుమారు 79.4 మిల్లీమీటర్లు, గుణిస్తే 135 రావాలి.

ఇంత సరిపోయినా మధ్య కన్నం ఒకటి మిగిలి ఉంటుంది. టొయోటా టకోమాలో ఆరు నట్ల బండికి కూడా దూరం 139.7 మిల్లీమీటర్లే. అయినా షెవర్లే రిమ్ము దానికి కూర్చోదు. షెవర్లే రిమ్ము మధ్య కన్నం 78.1 మిల్లీమీటర్లు, టొయోటాకి కావలసింది 106. నట్ల మర కూడా చూడాలి. 2015 నుంచి వచ్చిన ఎఫ్-150 రిమ్ముకీ దూరం 135 మిల్లీమీటర్లే, కానీ ఆ బండి స్టడ్‌ల మర సన్నం. రిమ్ము తెచ్చుకున్నా నట్లు మాత్రం మీ బండివే వాడండి. యార్డువాడు "నట్లు ఫ్రీ" అన్నా సరే.

ఆల్టర్నేటర్‌కి టేపు పనిలేదు, దాని ఒంటి మీద నంబరు చదవండి. ఫోర్డ్ నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. ఉదాహరణకి 4ఎల్34-10300-ఏబీ లాంటిది. మొదటి ముక్కలోని 4 అంటే ఆ డిజైన్ 2004ది. మధ్య ముక్క అది ఏ వస్తువో చెబుతుంది, 10300 అంటే ఆల్టర్నేటరే. చివరి రెండక్షరాలే అసలు చిక్కు. రెండో అక్షరం ఏ నుంచి బీకి మారితే సాధారణంగా అదే వస్తువుకి చిన్న సవరణ జరిగినట్టు. మొదటి అక్షరమే మారితే అది వేరే రకం, కొనకముందు అడిగి తెలుసుకోవాలి. కొత్త డబ్బా మీద మధ్య నంబరు 10346 అని ఉంటే కంగారు పడకండి, అది విడిగా అమ్మే సరుకుకి ఇచ్చే నంబరు. నంబరు చెరిగిపోతే కనెక్టర్ ఆకారం, పుల్లీకి ఎన్ని గాడులున్నాయి, బోల్టు చెవులు ఎక్కడున్నాయి, ఈ మూడూ పాతదాని పక్కన పెట్టి చూడండి. అందుకే పాతది విప్పి చేతిలో పట్టుకుని వెళ్లాలి. బరువని ఇంట్లో వదిలేసి వెళ్లేవాళ్లే రెండోసారి తిరుగుతారు.

అదే బండి నుంచి ఇంజన్ కంప్యూటర్ కూడా ఇస్తానంటే వద్దనండి. 2004 కొత్త తరం బండిలో తాళాల గుర్తింపు అందులోనే ఉంటుంది. మీ తాళం నేర్పించేదాకా బండి స్టార్ట్ అవదు.

ప్రశ్న: మాది మజ్దా బి3000. దీనికి పార్టులు దొరకడం పెద్ద టెన్షన్ అయిపోయింది. ఫోర్డ్ రేంజర్‌వి వాడవచ్చా?

జవాబు: ఉత్తర అమెరికాలో 1994 నుంచి అమ్మిన బండైతే నిశ్చింతగా వెతకండి. లోపల అది రేంజరే. ఇంజన్, గేర్‌బాక్సు, బ్రేకుల సామానుకి అదే సంవత్సరం, అదే 3.0 లీటర్ ఇంజన్ ఉన్న రేంజర్ చూస్తే చాలు. గ్రిల్, ముందు ఫెండర్లు లాంటి బయటి రేకు మాత్రం మజ్దాదే కావాలి.

ఎయిర్‌బ్యాగ్ జోలికి మాత్రం పోకండి, ఎంత చక్కగా సరిపోయినా. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకునేటప్పుడు పేలి లోహపు ముక్కలు ఎగజిమ్మిన గొడవలో ఈ బండ్లూ ఉన్నాయి. 2018 జనవరిలో 2006 రేంజర్లు, మజ్దా బి-సిరీస్ (మీ బి3000 కుటుంబమే) బండ్లు కొన్నింటిని అసలు నడపవద్దని కంపెనీలే యజమానులకు చెప్పాయి. యార్డులో పడి ఉన్న బండికి ఎయిర్‌బ్యాగ్ మార్చారో లేదో పైకి చూస్తే తెలియదు. మీ ఛాసిస్ నంబరుతో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఉందేమో కనుక్కోండి, ఉంటే డీలర్ దగ్గర ఉచితంగానే మారుస్తారు.