స్టువర్టుపురం మీద రాయబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

స్వతంత్రం వచ్చి ఇన్నేళ్లయినా పోలీస్ స్టేషన్‌లో పేదవాడు చేతులు కట్టుకుని నిలబడే పరిస్థితి ఎందుకు పోలేదో రాస్తానన్నావు, చాలా సంతోషం. కానీ తెల్లవాళ్లే కారణమని ఒక్క ముక్కలో తేల్చేయకు. దేశమంతా తిరక్కుండా ఒక్క ఊరు పట్టుకో. నన్నడిగితే బాపట్ల దగ్గర స్టువర్టుపురం.

ముందు, తర్వాత ఆ ఊళ్లో ఉంచిన ఎరుకల తెగవాళ్లు పూర్వం ఎలా బతికేవాళ్లో రాయి. గాడిదల మీదా ఎడ్ల మీదా కోస్తా ఉప్పు లోపలి ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యం తెచ్చుకునేవాళ్లు. రైళ్లొచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగుసుకుని ఆ వ్యాపారం పోయింది. కూడు పోగొట్టిన ఆ సర్కారే వాళ్లని పుట్టుదొంగలంది! 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు, 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ చేతుల్లో, వాళ్లని నిఘాలో ఉంచే ఈ స్టువర్టుపురం సెటిల్‌మెంట్ మొదలైంది. రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కూడా ఇక్కడినుంచే వెళ్లారు. నిఘా ఎవరి మీదో చాకిరీ కూడా వాళ్లదే కాబట్టి ఈ రెండింటినీ వేరువేరు అధ్యాయాల్లో పెట్టొద్దు.

నువ్వు బాగా కష్టపడాల్సింది 1947 నుంచి 1952 దాకా. మద్రాసులో ఆ చట్టం 1947లోనే రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ ఈలోపే, 1948లో, మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చేసింది. దీన్ని చేసింది మనం ఎన్నుకున్నవాళ్లే. తెగ పేరు తీసి మనిషి పేరు పెట్టారు, కాపలా కాసేది మాత్రం పాత పోలీసులే. కుర్చీలో కూర్చున్నాక ఆ అధికారం వాళ్లకూ పనికొచ్చింది, అందుకే వదల్లేదని నా నమ్మకం. అన్నట్టు, పోలీసు చట్టం అనగానే అందరూ 1861 అని రాసేస్తారు, మన కోస్తా జిల్లాల్లో నడిచింది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం.

ఊళ్లోకి వెళ్తే దొంగతనాల కథలు అడగొద్దు, సినిమాలవాళ్లు చేసిన అన్యాయం చాలు. తాతలు ఏ పని చేశారు, కూలి ఎంత ముట్టేది, సాగు చేసే భూమి కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి, ఇవి అడుగు. అప్పటి జీవోలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. యూనివర్సిటీ నుంచి లెటర్ ముందే రాయించుకో.

పెదనాన్న