సిమ్ కత్తిరిస్తే బాకీ తెగదు

కాశిబుగ్గ, వరంగల్

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. అందులో ఇరవై నిమిషాలు నీ ఫోన్ బిల్లు ముచ్చటే. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఆపేశాక 2,594 రూపాయల 82 పైసల బిల్లు వచ్చిందట. బావ "ఎందుకీ లొల్లి, నేను కట్టేస్తా" అంటే, నువ్వు "లెక్క చెప్పేదాకా పైసా కట్టను డాడీ" అన్నావట. ఆ మాట వినగానే నా ఛాతీ ఉప్పొంగింది. మా ఇంటి పిల్ల అనుకున్నా. పడుకున్నాక మాత్రం భయం పట్టుకుంది, నిద్ర రాలేదు. అందుకే పొద్దున్నే చాయ్ తాగి ఇది రాస్తున్నా. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. కూర్చుని మొత్తం చదువు.

లెక్క అడగడం ఒక పని. కట్టకుండా ఊరుకోవడం ఇంకో పని. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. నేను ఒకప్పుడు ఊరుకుని, అడిగినట్టే అనుకున్నా. ఆ సంగతి కింద రాస్తా.

ముందు చిన్న పనులు. బ్యాంకు, ఆధార్, గ్యాస్, ఎక్కడెక్కడ పాత నంబర్ ఇచ్చావో అన్నిచోట్లా మార్చు. ఆగిపోయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. ఆటోపే పెట్టి ఉంటే యూపీఐ యాప్‌లోకి పోయి నీ చేత్తో రద్దు చెయ్. పాత బిల్లులన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. కంపెనీ యాప్‌లోకి పోవాలంటే ఓటీపీ ఆ పాత నంబర్‌కే వస్తుంది, ఆ నంబర్ ఇప్పుడు లేదు. లోపలికి పోవడం కుదరకపోతే ఈమెయిల్‌లో వచ్చిన బిల్లులు వెతికి ఒక్కచోట పెట్టు.

ఇక బిల్లు. ఏనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో 31 ఏళ్లు గుమాస్తాగా చేశానని నీకు తెలుసు. మిర్చి సీజన్‌లో పొద్దు గూకేదాకా తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చిట్టీలు, రాసేవాణ్ణి. రైతు చేతికి తక్‌పట్టీ రాగానే కళ్ళు నేరుగా అడుగున మొత్తం మీదికి పోతాయి. అది చూసి ముఖం చిన్నబుచ్చుకుంటాడు, లేదా కోపం తెచ్చుకుంటాడు. నేను మెల్లగా కాగితం పైకి చూపించేవాణ్ణి. "పై నుంచి చదువు పటేలా. బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత. ఆ తర్వాత కోతలు. అడ్తి కమీషన్ ఎంత, హమాలీ ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత, చాట కూలి ఎంత. ఒక్కో కోతకు ఒక్కో పేరుండాలి. పేరు లేని కోత కనబడితే అక్కడ ఆగి అడుగు." నీ బిల్లు కూడా అట్లనే చదవాలి.

మీ అమ్మ పంపిన ఫొటోలు అద్దాలు పెట్టుకుని చూశా. నీ బిల్లు నెల నవంబర్ 4న మొదలైంది. నువ్వు ఆపమని అడిగింది 9న, ఆ రోజే ఆపినట్టు మెసేజ్ కూడా ఉంది. అంటే నువ్వు వాడింది 6 రోజులు. కానీ బిల్లులో నెల మొత్తం అద్దె 699 వేశారు. రోజుల లెక్కన అయితే 699ని 30తో భాగించి 6తో గుణిస్తే 139 రూపాయల 80 పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 25 రూపాయలు. మొత్తం 165. మధ్యలో ఆపినా నెల అద్దె మొత్తం తీసుకుంటామని నువ్వు ఒప్పుకున్న ప్లాన్ షరతుల్లో ఉందా? ఉంటే ఆ ఒక్క వరుస వాళ్ళదే న్యాయం, మనం పేచీ పెట్టొద్దు. లేకపోతే 165కి మించి అడిగే హక్కు వాళ్ళకు లేదు. షరతులు చదవకుండా గొడవకు దిగకు.

రెండో వరుస "వన్ టైమ్ ఛార్జ్, 1,500." దీనికి పేరు లేదు. ఇది దేనికో నేను ఊహించను, నువ్వూ ఊహించొద్దు. వాళ్ళే చెప్పాలి. విదేశీ రోమింగా, ఏదైనా సినిమాల యాప్‌కు ఏడాది చందానా, ముందుగా ఆపినందుకు జరిమానానా? ఏ తేదీన నువ్వు దేనికి ఒప్పుకున్నావో రుజువు చూపించమను. ఈ 1,500 మీద కూడా 270 రూపాయల జీఎస్టీ వేశారు. ఆ వరుస పోతే దాని పన్నూ పోవాలి.

మూడోది బిల్లులో ఎక్కడా లేనిది. కనెక్షన్ తీసుకున్నప్పుడు నువ్వు 500 రూపాయల డిపాజిట్ కట్టావు, ఆ రసీదు మీ అమ్మ దగ్గరుంది. ఆఖరి బిల్లులో దాన్ని తీసేసి చూపించాలి. చూపించలేదు. రోజుల లెక్క నిజమై, ఆ పేరు లేని కోత పోతే, వాళ్ళే నీకు 335 రూపాయలు వాపసు ఇవ్వాలి. ఈ లెక్క మొత్తం ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకో. ఎక్కడ మాట్లాడినా అది ముందు పెట్టుకుని మాట్లాడు.

ఇప్పుడు నా సంగతి.

2007లో మార్కెట్ పని కోసం పోస్ట్‌పెయిడ్ ఫోన్ తీసుకున్నా. 2011 ఆఖర్లో ఖర్చు ఎక్కువైతోందని ఆపేద్దామనుకుని హన్మకొండలో వాళ్ళ షోరూమ్‌కు పోయా. కౌంటర్ దగ్గర పిల్లగాడు మంచిగా మాట్లాడాడు. బాకీ ఎంతుందో చూసి 418 రూపాయలు కట్టించుకున్నాడు. సిమ్ ఇమ్మన్నాడు. సొరుగులో నుంచి చిన్న కత్తెర తీసి నా కళ్ళ ముందే సిమ్‌ను రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క టేబుల్ మీద పడింది, ఇంకోటి ఎగిరి నా చెప్పు దగ్గర పడింది. "అయిపోయింది అంకుల్" అన్నాడు. నేను నమ్మా. ఆపమని రాసిచ్చిన కాగితం లేదు, ఫిర్యాదు నంబర్ లేదు, బాకీ లేదన్న చిట్టీ లేదు. రోజంతా లెక్కలు రాసేవాణ్ణి, నా లెక్కకు మాత్రం కాగితం అడగలేదు.

నెల తిరక్కముందే 612 రూపాయల బిల్లు ఇంటికొచ్చింది. నాకు కోపం వచ్చింది. సిమ్ కత్తిరించారు కదా, ఇంకేం బిల్లు? కవరు క్యాలెండర్ వెనక దోపేశా. మరునెల ఇంకో కవరు. దాన్ని విప్పను కూడా విప్పలేదు. ఫోన్లు వచ్చాయి, కసిరి పెట్టేశా. కోప్పడితే అవతలివాళ్ళకు అర్థమవుతుందనుకున్నా. ఒక్క ముక్క రాసి పంపలేదు బిడ్డా. నేను మాట్లాడకపోతే అదే సద్దుమణుగుతుందనుకున్నా.

2012 ఫిబ్రవరిలో మేడారం జాతర. మనమందరం పోయాం, నీకు గుర్తుండే ఉంటుంది. నీ తూకానికి బంగారం, అదే జాతర బెల్లం, మొక్కుకుంటే 26 కిలోలు తూగింది, నువ్వు తక్కెట్లో కూర్చుని నవ్వుతూనే ఉన్నావు. అమ్మమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు ఒక మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడట. మన ఇంటి ముందు గద్దె మీద కూర్చుని, పక్కింటివాళ్ళందరికీ వినబడేటట్టు, మీ కొడుకు ఫోన్ వాడుకుని పైసలు ఎగ్గొట్టాడన్నాడట. ఇవ్వాళ కట్టకపోతే పోలీసులు వస్తారన్నాడట.

అమ్మమ్మ సంగతి నీకు తెలుసు. కిరాణం కొట్లో ఉప్పు కూడా ఉద్దెర తేలేదు జీవితంలో. లోపలికి పోయి బియ్యం కుండలో దాచుకున్న పైసలు తీసి, కొంగులో ఉన్నవి కూడా కలిపి, 2,150 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది. చిట్టీ ఇమ్మని అడిగింది. నాకంటే ఆమెకే తెలివి ఉంది. వాడు గోడకున్న క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక "2,150 ముట్టినవి" అని రాసి ఇచ్చాడు. సంతకం లేదు, కంపెనీ పేరు లేదు. నేను బిల్లులు దోపింది ఆ క్యాలెండర్ వెనకే.

జాతర నుంచి వచ్చాక ఆమె నాకు చెప్పలేదు. పది రోజుల తర్వాత, నేను అన్నం తింటుంటే, ఆ కాగితం పళ్ళెం పక్కన పెట్టింది. "కొడుకా, కట్టేసిన. ఇగ ఎవ్వరూ రారు" అంది. ఒక్క మాట తిట్టలేదు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. పోయేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఎవరైనా తెలియని మనిషి గేటు తీస్తే ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

అది అక్కడితో అయిపోలేదు. 2016లో మీ వదిన బీటెక్ ఫీజుకు బ్యాంకులో లోన్ అడిగా. మేనేజర్ కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు మీద ఫోన్ కంపెనీ బాకీ ఇంకా ఉంది. అమ్మమ్మ ఇచ్చిన పైసలు కంపెనీకి చేరనే లేదు. ఫీజు గడువు దగ్గరపడుతుంటే మీ అత్తమ్మ గాజులు కుదువ పెట్టాం. ఆ బాకీ రెండోసారి కట్టి, బాకీ లేదన్న కాగితం తీసుకుని, రికార్డు సరిచేయించేసరికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు నా భయం అర్థమైందా? కాజీపేట ఇంటి మీద పై అంతస్తు వేయడానికి నీ పేరు మీద లోన్ పెడుతున్నారు. పోస్ట్‌పెయిడ్ బాకీలు కూడా, ఎవరు అప్పు ఎట్లా కట్టారో లెక్క ఉంచే సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థల రికార్డుకు ఎక్కుతాయి. బ్యాంకువాడు చూసేది నీ న్యాయం కాదు, ఆ రికార్డు. ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఆ నియమం ఉంది. ఈ వారమే తీసి చూసుకో. అందులో తప్పు ఉంటే ఫిర్యాదు పెట్టు, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి.

నువ్వు చేయాల్సింది ఇది. నంబర్ బతికుంటే కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి కొట్టమనేవాణ్ణి, ఇప్పుడు అది కుదరదు. కంపెనీకి ఈమెయిల్ రాయి, నీ లెక్క మొత్తం పెట్టు. ఎక్కువ మాటలొద్దు, కోపం అసలే వద్దు. "ఈ 165 రూపాయలు నేను ఒప్పుకుంటున్నాను, మిగతా 2,430 మీద నాకు అభ్యంతరం ఉంది, ఒక్కో వరుసకు వివరణ ఇవ్వండి, డిపాజిట్ సర్దండి" అని రాయి. ఫిర్యాదుకు డాకెట్ నంబర్ ఇస్తారు, అది రాకపోతే ఫిర్యాదు పెట్టనట్టే లెక్క. అది కొత్త నంబర్‌కు పంపమని ముందే చెప్పు. ఎవరితో మాట్లాడినా తేదీ, టైమ్, పేరు రాసిపెట్టుకో.

జవాబు నచ్చకపోతే, లేదా గడువు దాటినా జవాబు రాకపోతే, 30 రోజుల్లో అదే కంపెనీలో ఉండే అప్పీలు అధికారికి రాయాలి. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఫోన్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ పద్ధతి పెట్టింది 2012లోనే. నా కవర్లు క్యాలెండర్ వెనక ఉన్న ఏడాదే అది, నాకు తెలియలేదు. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి ఫిర్యాదు తాను తీర్చదు, అక్కడికి రాసి ఎదురుచూస్తూ కూర్చోకు. అప్పీలుతోనూ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫోన్ కంపెనీల కేసులు అక్కడ వినొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత చిన్న మొత్తానికి కోర్టు ఫీజు కూడా ఉండదు. అంతదాకా పోదనే నా నమ్మకం. వరుసవారీగా రాసి అడిగినవాళ్ళకు చాలాసార్లు మొదటి జవాబులోనే తగ్గిస్తారు.

ఒకవేళ లోన్ కాగితాలు పెట్టే రోజుకు కూడా తేలకపోతే, మొత్తం కట్టెయ్. అభ్యంతరంతో కడుతున్నానని ఈమెయిల్‌లో రాసి, కట్టి, ఆ తర్వాత కొట్లాడు. నీకు ఇది నచ్చదని తెలుసు. బావ కట్టినా నువ్వు కట్టినా అది ఓడిపోవడం కాదు బిడ్డా, నీ లెక్క కాగితం మీదే ఉంటుంది. అక్క ఇంటి పిల్లర్లు వేసి ఆరేళ్లయింది, వానకు ఇనుప చువ్వలు తుప్పు పడుతున్నాయి. 2,430 కోసం అది ఆగొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఇంటికి ఎవరొచ్చినా నగదు ఇవ్వొద్దు. మీ అమ్మకు, బావకు కూడా చెప్పు, నేనూ చెబుతా. మెసేజ్‌లో లింకు వస్తే నొక్కొద్దు. రెండు గంటల్లో మీ నంబర్లన్నీ బంద్ అవుతాయి, తొమ్మిది నొక్కండి అని ఫోన్ వస్తే అది మోసం, పెట్టేసెయ్. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి కొట్టాలి. కట్టాల్సింది ఏదైనా కంపెనీ సైట్‌లోనో, షోరూమ్‌లో రసీదు తీసుకునో కట్టు. అంతా అయ్యాక బాకీ లేదన్న పత్రం అడుగు, రాకపోతే మళ్ళీ అడుగు.

క్యాలెండర్ కాగితం నా ఇనుప పెట్టెలో ఇంకా ఉంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా, అమ్మమ్మ వేలిముద్ర అంచు మీద పసుపుతో అంటుకుని ఉంది.

బిల్లు మూడో పేజీ ఫొటో మసకగా వచ్చింది. మళ్ళీ తీసి పంపు. ఈమెయిల్ రాశాక పంపేముందు నాకు ఒకసారి చూపించు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటా.

మీ మామ